ఆడకుండా కాపాడిన ఆట

పాత జపాన్ వీడియో గేముల పరిరక్షణ సంఘం మా ఊళ్లో ఏర్పడిన నాటి నుంచి నేటి వరకు, సంఘం ఆధీనంలో ఉన్న ఏ ఒక్క ఆటనూ ఎవరూ ఆడలేదని ప్రకటించడానికి ఎంతో సంతోషిస్తున్నాం. ఒక్కసారి మాత్రం ఆ ప్రయత్నం జరిగింది. అదెలా ముగిసిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సంఘం అధ్యక్షులు కాంట్రాక్టరు గారు. ఊళ్లో ఉన్న పాత ఇళ్లన్నీ కూలగొట్టి, ఆ అనుభవంతో పాతవాటి విలువ తెలుసుకున్న మనిషి. ఉపాధ్యక్షులు బడి యజమాని గారు. తన బడిలో ఆటల పీరియడు తీసేసి ఆ గంటలో కూడా లెక్కలే చెప్పించిన దూరదృష్టి ఆయనది. ఆటలను కాపాడటానికి ఇంతకంటే అర్హులు దొరకరు. ఇక కార్యదర్శి. ఆయన ఉద్యోగం కరెంటు ఆఫీసులో, బిల్లుల విభాగంలో. కరెంటు గురించి ఆయనకు తెలియని సంగతులు ఆ ఆఫీసులో ఎవరూ అడగరు కాబట్టి సర్వీసంతా సాఫీగా నడిచిపోతోంది. సంఘంలో ఆయన్ని 'సీలు గారు' అంటారు. కంపెనీ చుట్టిన ప్లాస్టిక్ పొర చిరగని డబ్బాలు ఆయన దగ్గరున్నన్ని మరెవరి దగ్గరా లేవు.

సీలు గారి ఇంట్లో గదులు రెండు. ఒకదానిలో ఆయనా, భార్యా, పిల్లలూ, బట్టలూ, వంటా అన్నీ సర్దుకున్నాయి. రెండోది చల్లగా ఉంటుంది. అందులో గేములు ఉంటాయి. టీవీకి తగిలించేవి, చేత్తో పట్టుకునేవి, క్యాసెట్టు గుచ్చేవి, డిస్కు తిప్పేవి, ఏ కాలం మిషనుకు ఆ కాలం అర. గాలిలో తేమెంతో చూపించే ముల్లు ఒకటి గోడకు ఉంటుంది. ఆ ముల్లు కాస్త పక్కకు జరిగితే సీలు గారికి అన్నం సహించదు. పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడు కూడా ఆయన ఇంత కంగారుపడలేదని గిట్టనివాళ్లు అంటారు. అది అబద్ధం. పిల్లాడికి జ్వరం వచ్చిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

డబ్బాల మీద అక్షరాలు జపాన్ భాషలో ఉంటాయి. సంఘంలో ఆ భాష ఎవరికీ రాదు. ఒకసారి ఒక అరుదైన డబ్బా నిటారుగా ఉందా, తలకిందులుగా ఉందా అని పెద్ద చర్చ లేచింది. ఉపసంఘం వేశారు. ఉపసంఘం అన్ని కోణాల నుంచీ పరిశీలించి, ఏకగ్రీవంగా డబ్బాను పక్కకు పడుకోబెట్టింది.

ఇంతటి మహాసేకరణకు మొదటి మిషను ఎక్కడిదని అడిగితే సీలు గారు 'మా కుటుంబ వారసత్వం' అంటారు. నిజమే. కుటుంబం ఆయన అక్కది. వారసత్వం ఆయనది.

అక్క రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. ఆమె భర్త ఓడ ఇంజను గదిలో పనిచేసేవాడు. ఒక ట్రిప్పులో జపాన్ రేవులో దిగి, అక్కడ ఎవరో వాడి అమ్మేసిన గేము మిషనూ, ఒకే ఒక్క క్యాసెట్టూ కొనుక్కొచ్చాడు. అక్కడి కరెంటు జోరు ఇక్కడి దానిలో సగం కూడా ఉండదట. నేరుగా ప్లగ్గు పెడితే మిషను మాడిపోతుందని, పాత ఇనుప సామాను కొట్లో దొరికిన ట్రాన్స్‌ఫార్మరొకటి తెచ్చి, బరువైన రేకు పెట్టెలో బిగించి, ఆకుపచ్చ రంగు వేశాడు. మొగుడూ పెళ్లాం నేల మీద చాప వేసుకుని, చెరో మీటల పలకా పట్టుకుని ఆడుకునేవాళ్లు. వాళ్లకూ భాష రాదు. కానీ వాళ్లు ఆడారు గనక తెలిసిపోయింది. తెర మీద పైన వచ్చే మాట 'సరే', కింద వచ్చేది 'వద్దు'. ఎగిరి మీద పడేది జిగురుముద్ద. గుడిసె ముందు కూర్చుని మందులిచ్చేవాడు మీసాలాయన. ఆటలో పేరు పెట్టుకోమని మిషను అడిగితే అర్థం కాక అక్క మూడు అక్షరాలు నొక్కింది. అందులో ఒకటి చిన్న ఇల్లులా ఉంటుంది. ఆ మూడక్షరాలు ఏమని పలుకుతాయో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అదే ఆమె పేరు.

ఆఖరి సెలవులో ఆటలోని ఇద్దరూ ఒక ఏటి ఒడ్డుకు చేరారు. పడవ కట్టేసి ఉంది. సెలవు అయిపోయింది. "ఈసారి వచ్చాక దాటుదాం. నేను లేకుండా ఎక్కేస్తావేమో, చూసుకో," అన్నాడు. క్యాసెట్టు ఆ చోటును గుర్తుపెట్టుకుంది. అతను ఇంజను గదిలోనే పోయాడు.

అక్క ఎక్కలేదు. అప్పుడప్పుడు మిషను పెట్టి, ఆ ఇద్దరినీ ఒడ్డున చూసుకుని ఆపేసేది. ఆ తర్వాత ఆమె ఒంటి గది అద్దెకు మారింది. గోడలు చెమ్మ. తమ్ముడు వచ్చి, "నా దగ్గర భద్రంగా ఉంటుందక్కా, నీకెప్పుడు కావాలంటే అప్పుడు," అని పట్టుకెళ్లాడు. ఆ మాటలో మొదటి సగం ఆయన అక్షరాలా నిలబెట్టుకున్నాడు.

ఒకరోజు ఫ్యాక్టరీ వీధిలో టీవీలు బాగుచేసే రిపేరతను అక్కకు ఒక సంగతి చెప్పాడు. అలాంటి క్యాసెట్టు లోపల వాచీ బిళ్లలాంటి బ్యాటరీ ఉంటుందట. అది ఉన్నంతకాలమే ఆట ఆగిన చోటు గుర్తుంటుంది. అది చచ్చిందా, అంతా పోయినట్టే. "తొందరగా పట్రండమ్మా, ఆ చోటు పోకుండా ఇంకో చోటికి ఎక్కించిపెడతాను. ఇప్పటికే దానికి ముసలితనం," అన్నాడు.

అక్క డ్యూటీ దిగి నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్లింది. మరదలు తలుపు తీసింది.

"ఆ గదిలోకా వదినా? మీ తమ్ముడు లేనప్పుడు నాకే ప్రవేశం లేదు. ఆయనున్నప్పుడు చేతులకు తొడుగులేసుకుని తుడవచ్చు. తుడిచే హోదా వరకూ వచ్చాను, తాకే హోదా ఇంకా రాలేదు."

"ఒక్కసారి చూసి ఇచ్చేస్తానే."

"నేనూ అంతే అన్నాను, పెళ్లప్పుడు కొన్న సోఫా మీద కూర్చుంటానని. అది ఆ గదిలోనే ఉంది. దాని మీద డిస్కుల మిషన్లు కూర్చున్నాయి."

సీలు గారు వచ్చి విషయం విని కదిలిపోయారు. కానీ సొంత నిర్ణయం తీసుకునే మనిషి కాదు, సంఘం మనిషి. అక్కను కార్యవర్గం ముందుకు తీసుకెళ్లారు. కార్యవర్గం చాలా మర్యాదగా ఆమెను నిలబెట్టి మాట్లాడింది.

"అమ్మా, లోకంలో వాడేసినవి కోట్లు. వాడనివే కొన్ని. మీవారి జ్ఞాపకాన్ని మేం ఇంత భద్రంగా కాపాడుతుంటే మీరొచ్చి వాడేస్తానంటారేమిటి?" అన్నారు అధ్యక్షులు.

"వాడాం గనకే అది జ్ఞాపకమైందండీ."

"భావోద్వేగం," అన్నారు ఉపాధ్యక్షులు, పక్కవాళ్లకు అర్థమయ్యేలా. "చూడమ్మా, ఒక్క నొక్కుడుకు మీట ఎంత అరుగుతుందో మీకు తెలియదు. మా బడిలో పిల్లలు బంతిని తన్నీ తన్నీ ఏం చేశారో నేను చూశాను. అందుకే బంతిని బీరువాలో పెట్టాం. ఇవాళ్టికీ కొత్తగా ఉంది."

"బ్యాటరీ అయిపోతుందండీ. అయిపోతే ఆయన ఆపిన చోటు పోతుంది."

బ్యాటరీ అనగానే కార్యవర్గం నిజంగానే ఆందోళన చెందింది. క్యాసెట్టులో ఉన్నది కంపెనీ పెట్టిన అసలు బ్యాటరీయేనా, ఎవరైనా మార్చారా అని సీలు గారిని అడిగారు. అసలుదే అన్నారాయన. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. విన్నపాన్ని సానుభూతితో పరిశీలనలో ఉంచుతూ, మిషనునూ క్యాసెట్టునూ గాలి చొరబడని అద్దాల పెట్టెలో బిగించాలని తీర్మానించారు. ఆకుపచ్చ రేకు పెట్టె మాత్రం జపాన్‌ది కాదు గనక, అది పక్కనుంటే సెట్టు పవిత్రత దెబ్బతింటుంది గనక, దాన్ని సేకరణ నుంచి బహిష్కరించారు. బరువుగా ఉందని తలుపుకు అడ్డం పెట్టుకున్నారు.

వానలు పోయాయి, చలి పోయింది, విన్నపం పరిశీలనలోనే ఉంది. అక్క వచ్చినప్పుడల్లా సీలు గారు, "నీ పనే చూస్తున్నానక్కా," అనేవారు. ఆమె అద్దంలోంచి క్యాసెట్టును చూసి వెళ్లేది. క్యాసెట్టు బాగానే ఉండేది. బయటికి అవి ఎప్పుడూ బాగానే ఉంటాయి.

ఈలోగా ఎండలు వచ్చాయి, ఎన్నికలూ దగ్గరపడ్డాయి. సంఘానికి సొంత ప్రదర్శనశాల మంజూరైంది. పిల్లలు బంతాట ఆడుకునే ఖాళీ స్థలాన్ని ఇందుకు ఎంపిక చేశారు. ఆటలకు అప్పటికే కేటాయించిన చోటు గనక చట్టపరమైన చిక్కులేమీ రాలేదు. కాంట్రాక్టు ఎవరికిచ్చారో మీరు ఊహించగలరు, ఊహించకపోయినా కట్టడం ఆగదు. ప్రారంభానికి మంత్రిగారు వస్తారనీ, ఆయన చేతులమీదుగా ఒక మిషను వెలిగించి చూపిస్తే పత్రికల్లో ఫొటో బాగా పడుతుందనీ అధ్యక్షులు సెలవిచ్చారు. ఆడకూడదన్న నియమం సభ్యులకూ, సొంతదారులకూ, పిల్లలకూ మాత్రమే వర్తిస్తుందని అప్పటికప్పుడు వివరణ జారీ అయింది. ఓడ మనిషి గుర్తుగా ఉన్న మిషనైతే ఉపన్యాసానికి కూడా పనికొస్తుందన్నారు. అక్కకు కబురు వెళ్లింది.

ఆమె పూట సెలవు పెట్టుకుని వచ్చింది. ముందు వరసలో, 'స్వర్గీయ దాతగారి సతీమణి' అని రాసిన కుర్చీలో కూర్చోబెట్టారు. తన భర్త దానం చేశాడని ఆమెకు అప్పుడే తెలిసింది. బయట అద్దాలకు ముక్కులు ఆనించి, బంతాట స్థలం పోయిన పిల్లలు చూస్తున్నారు. వేళ్ల మరకలు పడుతున్నాయని వాచ్‌మన్ వాళ్లను అదిలిస్తున్నాడు.

మంత్రిగారు వస్తూనే, ఇక్కడా తలుపుకు అడ్డం పెట్టిన ఆకుపచ్చ పెట్టెకు కాలివేలు కొట్టుకున్నారు. "ఈ దరిద్రాన్ని ఎవరు పెట్టారయ్యా ఇక్కడ?" అన్నారు. నలుగురు పోటీలు పడి దాన్ని గోడవారకు ఈడ్చేశారు. తరువాత ఆయన మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, నేటి యువత ఆటలు మరిచిపోయింది. మైదానాలు బోసిపోయాయి. ఎందుకు బోసిపోయాయని నేను ప్రశ్నిస్తున్నాను. ఈ ఆటలను మనం తాకకుండా భావి తరాలకు అందించాలి. భావి తరాలు కూడా తాకకుండా వాళ్ల భావి తరాలకు అందించాలి. అదే సంస్కృతి."

చప్పట్లు మోగాయి. సీలు గారు చేతికి తొడుగులేసుకుని అద్దాల పెట్టె తెరిచారు. తీగ బయటికి లాగి, గోడలో ఉన్న ప్లగ్గు వైపు నడిచారు.

అక్క లేచి నిలబడింది. "తమ్ముడూ, ఆ పెట్టె పెట్టకుండా గుచ్చకు. అటు చూడు, గోడ దగ్గరుంది. మీ బావ చేసిన పెట్టె."

"తర్వాతక్కా. మంత్రిగారున్నారు."

"మాడిపోతుందిరా."

"కూర్చోక్కా, అందరూ చూస్తున్నారు. నేను కరెంటాఫీసులో పనిచేస్తున్నాను."

ఆ మాటకు ఇక ఎదురేముంది. మంత్రిగారు చిరునవ్వుతో, కెమెరా వైపు ముఖం పెట్టి, మీట నొక్కారు. ముందు చిన్న గుర్రుమన్న శబ్దం, తర్వాత నీలం పొగ. కాలిన వాసన ముందు వరసల దాకా వచ్చాక చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. పొగ కార్యక్రమంలో భాగమనుకున్నారు.

మిషను మాడిపోయిందని సభకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ముందుగా తేరుకున్నది అధ్యక్షులే. జపాన్‌లో ఇలాంటి మిషన్లు లక్షల్లో ఉంటాయి, కానీ సాక్షాత్తూ మంత్రిగారు స్వహస్తాలతో కాల్చినది లోకంలో ఇదొక్కటే కదా అన్నారాయన. ఆ మాటతో విషాదం వేడుకైపోయింది. జనం ఫొటోల కోసం తోసుకున్నారు. ఆ తోపులాటలో అక్క వెళ్లి, కాలిన మిషనులోంచి క్యాసెట్టును ఊడబీకి, గోడవారనున్న ఆకుపచ్చ పెట్టెను నడుమున ఎత్తుకుని బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు. మసి అంటుకున్న క్యాసెట్టు సంఘం దృష్టిలో అప్పటికే చెత్త.

రిపేరతని కొట్లో అలాంటి మిషనే ఒకటుంది. మూత లేదు, ఒక పక్క టేపు అంటించి ఉంది. ఏ సేకరణలోనూ దాన్ని గడప తొక్కనివ్వరు. ఆకుపచ్చ పెట్టెకు తగిలించి క్యాసెట్టు గుచ్చాడు. పాట వచ్చింది. బొమ్మ వచ్చింది. ఆగిన చోటు ఉండాల్సిన అర మాత్రం ఖాళీగా ఉంది.

అతను స్క్రూలు విప్పి బ్యాటరీ చూశాడు. "చచ్చిందమ్మా. మరీ పాత చావు కూడా కాదనిపిస్తోంది. చలికాలంలో తెచ్చినా దొరికేదేమో. ఒక మాట అడగాల్సింది మీవాళ్లను."

"అడిగానయ్యా," అంది అక్క.

అతను కొత్త బిళ్ల వేసి బిగించాడు. ఆమె స్టూలు మీద కూర్చుని పలక చేతిలోకి తీసుకుంది. పేరు పెట్టమని మిషను అడిగింది. అర్థం కాని అక్షరాల వరసల్లో, ఇల్లులా ఉండే అక్షరం కోసం ఆమె చాలాసేపు వెతికింది.

సంఘం ఆ వారమే అత్యవసరంగా సమావేశమై ఒక అభినందననూ, ఒక ఖండననూ ఆమోదించింది. మంత్రిగారు కాల్చిన మిషనుకు ప్రత్యేక అర కేటాయించినందుకు సీలు గారికి అభినందన. అసలు బ్యాటరీని పెరికి, చెక్కుచెదరని చావును పాడుచేసి, కొత్తగా ఆట మొదలుపెట్టి వారసత్వానికి తీరని నష్టం కలిగించినందుకు అక్కకు ఖండన. ప్రదర్శనశాలకు జనం బాగానే వస్తున్నారు. పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటున్నారు, లారీలు హారను కొడుతున్నాయి.

మీరు నవ్వుకుంటున్నారు. మంచిదే. మీ ఇంట్లో టీవీ రిమోటుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా ఉందా? అద్దాల బీరువాలో, ఎప్పుడో వచ్చే గొప్ప చుట్టాల కోసం దాచిన కప్పులు ఉన్నాయా? ఆ కప్పులో ఒక్కసారి టీ తాగుతానని మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అడిగే ఉంటారు, మీరు చూద్దాంలే అనే ఉంటారు. వెళ్లి కనుక్కోండి, ఆ మనిషి ఇంకా అడుగుతోందో, మానేసిందో.