జీపు ప్రాజెక్టుకు పదకొండు మార్కులు

ఆడ డాక్టర్లకు నాయకత్వం నేర్పడం దేశానికి మంచిది. నేర్చుకున్నారో లేదో ముగ్గురు మగవాళ్లు వెళ్లి చూసి రావడం ఇంకా మంచిది! ఆ ముగ్గురిలో నేనొకణ్ణి, కనుక నిష్పక్షపాతంగానే చెబుతున్నాను.

మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పే లేడీ డాక్టర్లకు ఈ ఎనభై నాలుగులో లీడర్‌షిప్ ట్రైనింగ్ ఇచ్చారు. ఒక్కొక్కరూ పనిచేసే చోట ఒక ప్రాజెక్టు చేసి చూపాలి. ఒకావిడ వార్డు కర్టెన్ల మీద పదహారు రంగుల చార్టులు గీశారు. ఏం నాయకత్వం! తొంభై రెండు మార్కులు వేశాం.

కాలేజీ తరఫున జహీరాబాద్ దవాఖానలో పనిచేస్తున్న డాక్టర్ హబీబున్నీసా చార్టులేవీ గీయలేదు. మూలనపడ్డ జీపును బాగుచేయించి, చెరకు కోతల కాలంలో ఊళ్ల నుంచి కాన్పులకు ఆడవాళ్లను అందులో రప్పించారు. దారిలో ఒక్క తల్లి కూడా చనిపోలేదట. రుజువేది? చనిపోతే సర్టిఫికెట్ ఉంటుంది, చనిపోనందుకు ఎవరిస్తారు? మా ఛైర్మన్ రామచందర్ గారు ఫైలంతా తిరగేసి, ఆ కాగితం జతచేయలేదని రెండు చోట్ల రాశారు.

పరీక్ష రోజు ఆ జీపు మేమే తీసుకున్నాం. ఎక్కి చూడకుండా మార్కులెలా వేస్తాం? కోహీర్ దాకా ఎక్కి చూశాం. అక్కడ జామపండ్లు కూడా బాగున్నాయి.

తిరిగొచ్చి ప్రశ్నలడుగుతుండగా మొగుడంపల్లి అనే ఊరి నుంచి దేవమ్మను కాన్పుకు చెరకు బండి మీద తెచ్చారు. నొప్పులు మొదలైనప్పటి నుంచి జీపు కోసం చూసి చూసి, ఇక రాదని బయల్దేరారట. డాక్టరమ్మ మా మూడో ప్రశ్న మధ్యలోనే లేచి పరుగెత్తారు. అనుమతి అడగలేదు కనుక క్రమశిక్షణకు సున్నా వేశాం.

గంట తర్వాత ఆమె తిరిగొచ్చారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. నాకు తలెత్తాలనిపించలేదు. రామచందర్ గారు మాత్రం నాలుగో ప్రశ్న అడిగారు. మీ ప్రాజెక్టులో మీరు గమనించిన లోపమేమిటి?

"ఇయ్యాల జీపు లేకుండె సార్," అన్నారామె.

లోపం ఒప్పుకున్నందుకు పదకొండు మార్కులు. జీపు మాత్రం చాలా బాగుంది కనుక ఇకమీదట మా కమిటీకే కేటాయించాలని సిఫార్సు చేశాం. నేనూ సంతకం పెట్టాను.

బయట మెట్ల మీద దేవమ్మ అత్త యాదమ్మ నన్ను ఆపింది.

"చిన్నకోడలికి ఏడో నెల సారూ. మా ఊరికి జీపు వస్తదా?"

వస్తుందని చెప్పాను. అబద్ధం కాదు. వచ్చే నెల మొగుడంపల్లిలో తనిఖీ ఉంది, మేం ఆ జీపులోనే వెళ్తున్నాం.