బిళ్ళ నంబరు 417 పెట్టుకున్న అప్పీలు

గోదావరిఖనిలో ఒక గని ల్యాంప్ రూంలో పనిచేసే యోనా పెట్టుకున్న పేటెంటు అప్పీలును అప్పీళ్ల బోర్డువారు 2006లో న్యాయంగా, సకాలంలో, అంటే మూడేళ్లలో, కొట్టివేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

యోనా ఇరవై ఆరేళ్లుగా గనిలోకి దిగేవాళ్లకు దీపమూ హాజరు బిళ్ళా ఇస్తున్నాడు. బిళ్ళ మీద నంబరు ఉంటుంది, పేరు ఉండదు. ఆఫీసు కాగితాల్లో ఆయన కూడా 417. ఒక్క కాగితం మీదైనా తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆయన కోరిక. ప్రమాదకరమైనదేమీ కాదు; చాలామందికి రిటైరయ్యేలోపు తగ్గిపోతుంది.

హాజరు ఆఫీసు కంప్యూటరు లోపల కొత్త సర్క్యూటు కార్డు బిగించినప్పుడల్లా అదీ పాత కార్డూ ఒకే నంబరు కోసం కొట్టుకుని, యంత్రం ఆగిపోయేది. నగరం నుంచి నిపుణుడు వచ్చి, కార్డు మీది చిన్న క్లిప్పులు అటు పీకి ఇటు పెట్టి, నంబరు మార్చి, భోజనం చేసి వెళ్లేవాడు. యోనా చూశాడు. కొత్త కార్మికుణ్ణి నంబరు నువ్వే తెచ్చుకొమ్మని ఎవరూ అనరు. ఎవరికీ ఇవ్వని బిళ్ళ తీసి చేతిలో పెడతారు. కార్డులకూ ఖాళీ నంబరు అలాగే ఇచ్చే సర్క్యూటు పలక ఒకటి గీసి, తయారుచేశాడు. అది పనిచేసింది. నిపుణుడికి భోజనం తప్పింది.

‘ఈ రంగంలో సామాన్య నైపుణ్యం గలవాడికి ఎవడికైనా తట్టేదే’ అని పేటెంటు నిరాకరించారు. యోనా అప్పీలు చేశాడు. ఇది అంతకుముందు ఎవరికీ తట్టలేదని ఒక్కరు సాక్ష్యం చెబితే చాలన్నాడు వకీలు.

కార్మికుల కాలనీ ఒక్కరిని పంపి ఊరుకుంటుందా? రెండు జీపుల్లో పద్దెనిమిది మంది కదిలారు.

“మా యోనన్న అబద్ధమాడడు సారూ,” అన్నాడు తోటి కార్మికుడు రాయమల్లు, బోర్డు ముందు ఛాతీ విరిచి. “గిది మాకెరుక లేందా? ల్యాంప్ రూంల రోజూ గట్లనే చేస్తరు.”

“రాయమల్లూ, జెర ఊకోరాదు,” అన్నాడు యోనా మెల్లగా.

“ఫికర్ జెయ్యకన్నా! నీ ఎనుక మేమున్నం.”

క్యాంటీన్ సారవ్వ ముందుకొచ్చింది. “నేను చాయ్ గిలాసలు గిట్లనే ఇస్త సారూ. ఏది ఖాళీగుంటె గది. గిండ్ల అబద్ధమేమున్నది?”

పద్దెనిమిది మందీ ప్రమాణం చేసి చెప్పారు. బోర్డువారు వారి నిజాయతీని ప్రత్యేకంగా ప్రశంసించి అప్పీలు కొట్టివేశారు. తీర్పులో యోనా పేరు పేజీకి మూడుసార్లు అచ్చయింది. భార్య మార్తమ్మ దానికి ఫ్రేము కట్టించింది.

మరుసటేడు, భోజనం తప్పిన ఆ నిపుణుడు అదే సర్క్యూటు పలకకు తన పేరున దరఖాస్తు పెట్టి పేటెంటు పొందాడు. ఆయన తరఫున సాక్షులెవరూ రాలేదు. కాలనీలో ఆయనకు సన్మానం జరిగింది. దండ వేయమని యోనానే పిలిచారు, నంబరుతో.

“ఏం తెలివి సారూ మీది!” అన్నాడు రాయమల్లు, కళ్లు చెమర్చి. “మాసొంటోళ్లకు గిట్లాంటియి ఎట్ల తడ్తయి?”

ఇలా అవుతుందని మీకు మొదటి నుంచీ తట్టే ఉంటుంది. ఆ రోజు రెండో జీపులో మీకూ ఒక సీటు ఖాళీగానే ఉండింది.