చెల్లసామి నాయుడు లోయ చూసొచ్చిన వైనం

ఆ ఉదయం చెల్లసామి నాయుడు సజ్జసంకటిలో పులుసు పోసుకుంటూ, పొలం కబురు చెప్పినంత మామూలుగా, "నేను కొండమీది గద్దబండ బంగళాకి పోతుండా. రెండు దినాలు ఆడనే ఉండి వస్తా" అన్నాడు.

"ఆ కొండమీద ఏ సామి ఉండాడు?" అని అడిగింది భార్య గురువమ్మాళ్.

"సామీ లేడు, గీమీ లేడు. పెద్ద లోయ ఉంది. దాని అంచుమీదనే బంగళా. ఆడ కూర్చోని లోయ చూడల్ల."

"చూసి?"

"చూసేదేమే. సుమ్మా!"

గురువమ్మాళ్ చేతిలో గరిటె ఆగిపోయింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ తన మొగుడు ఏ పనైనా సుమ్మా, అంటే ఊరికే, చేయగా ఆమె చూసి ఎరగదు. ఆయనేమిటి, ఆ సీమలోనే ఎవరూ చేయరు. కోవిల్‌పట్టి చుట్టుపట్ల నల్లరేగడిలో పత్తి పండించే తెలుగు నాయుళ్ళు వానకోసం ఆకాశం చూస్తారు, కొనబోయే ఎద్దు పళ్ళు చూస్తారు, పిల్లనిచ్చే ముందు ఇల్లు చూస్తారు. గుంతను చూడటానికి రైలెక్కి పోయిన మనిషి ఆనాటికి ఇంకా పుట్టలేదు.

అసలు సంగతి వేరే ఉంది. తాలూకా బోర్డులో ఒక స్థానం ఖాళీ అయింది. దానికి ఓట్లూ గీట్లూ లేవు. సబ్ కలెక్టర్ దొర ఎవరి పేరు చెబితే వారిదే కుర్చీ. చెల్లసామికి ఆ కుర్చీ కావాలి. మొన్న కోవిల్‌పట్టి పత్తిసంతకు దొర వచ్చినప్పుడు, గురువమ్మాళ్ అన్న సుబ్బురాజ్‌కు కుర్చీ వేశారు. సొంత బావమరిది కుర్చీలో కూర్చుంటే చెల్లసామి పందిరిగుంజ పట్టుకొని పొద్దంతా నిలబడ్డాడు. అది చాలదన్నట్టు సుబ్బురాజ్ మధ్యలో వెనక్కి తిరిగి, "కాళ్ళు నొస్తుండాయా బావా?" అని పరామర్శించాడు. ఆ పరామర్శ తలుచుకుంటే చెల్లసామికి ఇప్పటికీ ముద్ద దిగదు.

ఉపాయం చెప్పినవాడు తాలూకా కచేరీ గుమస్తా. పుట్టగానే సలహా చెప్పిన రకం మనిషి. "దొరకి పూలమాలలు, నిమ్మకాయలు తెచ్చేవాళ్ళని చూస్తే ఒళ్ళుమంట. ఆయన సందు దొరికితే గద్దబండ బంగళాకి పోయి, మాటాపలుకూ లేకుండా లోయ చూస్తా కూర్చుంటాడు. మీరు పక్కగదిలో దిగండి. నోరు మెదపకండి. లోయనే చూడండి. ఆ చెవిపోగులు మాత్రం తీసేయండి, దొరకి పట్టికాట్టువాళ్ళ మాదిరి, వట్టి పల్లెటూరి మొద్దుల మాదిరి కనపడతారు" అన్నాడు. ఈ సంగతి గురువమ్మాళ్‌తో అంటే సాయంకాలానికి ఏళాయిరంపన్నైలో ఆమె పుట్టింటికి చేరుతుంది. మరునాటికి లోయ అంచున సుబ్బురాజ్ కూర్చుంటాడు. అందుకే చెల్లసామి సుమ్మా అన్నాడు.

సుమ్మా అని ఊరుకున్నా బాగుండేది. చెవిపోగులు ఊడదీసి భార్య చేతిలో పెట్టి, "భద్రం" అన్నాడు. ప్రయాణంలో పోతాయేమోనని పెట్టె తాళాలూ ఇచ్చాడు. గట్టు తగాదాతో ఏనాటినుంచో మాటల్లేని పక్కపొలం పాలసామి ఇంటికి తనే నడిచిపోయి, "జరిగిందేదో జరిగింది, మనసులో పెట్టుకోవద్దు పాలసామీ" అన్నాడు. బోర్డు మెంబరైతే ఊళ్ళో నలుగురి మంచీ కావాలి కదా! తెల్ల ఎద్దు మెడ నిమిరి, పాలేరు మూక్కన్‌తో, "నేను లేకున్నా వీటికి నీళ్ళు మరవొద్దురా" అని చెప్పి, కుర్చీని తలుచుకొని నవ్వుకుంటూ బండెక్కాడు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. పత్తి చేలోనే మాడిపోయింది. అలాంటి ఏడు నవ్వుకుంటూ బండెక్కినవాణ్ణి ఊరు ఏమనుకోవాలి?

బండి కనుమరుగు కాకముందే పక్కింటి వెళ్ళైయమ్మాళ్ వచ్చింది. "ఏమి వదినే, అన్న చెవులు బోసిగా పోతుండాడు?"

గురువమ్మాళ్ కొంగున ముడేసిన పోగులు చూపించింది. తాళాలు చూపించింది. పాలసామి ముచ్చట చెప్పింది. చెబుతూ చెబుతూ ఉండగానే ఆమెకే అనుమానం మొదలైంది.

"అయ్యో వదినే! కొండ ఎక్కేది సామికోసం, లేకుంటే సచ్చేకి! సామి లేడని ఆయన నోటితోనే చెప్పినాడు గదా!" అని వెళ్ళైయమ్మాళ్ గుండెలు బాదుకుంది.

గురువమ్మాళ్ ఇక ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. పొయ్యిలో నీళ్ళు చల్లింది. "మీ బావ లోయలో దూకేకి పోయినాడు, ఆపల్ల, విరుదునగర్ స్టేషన్‌కి రా" అని మూక్కన్ చేత అన్నకు కబురంపింది. అరుప్పుకోట్టై చుట్టాలకు బండి తోలించింది. తను చేతికందిన చీర చుట్టుకొని రైలెక్కింది.

మూక్కన్ కబురు ఉన్నదున్నట్టే చెప్పాడు, పాపం. కానీ సుబ్బురాజ్ తల్లి రాజమ్మాళ్ లోకం చూసిన మనిషి. "దూకేకి పోయినోడు మనం వచ్చేవరకు కాచుకోని ఉంటాడా? పొద్దుననే పోయినాడు. ఈపాటికి అయిపోయుంటుంది. కొత్తచీర ఎత్తుకోండి" అని తేల్చేసింది. మొగుడు పోయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు కొత్తచీర పట్టుకుపోవాలి. పట్టుకుపోకపోతే వంశానికే తలవంపు. అలా సుబ్బురాజ్ కొత్తచీరతో, బంధుబలగంతో, ఏడవటంలో పేరుమోసిన ఆడవాళ్ళతో విరుదునగర్ చేరాడు. చంకలోని మూటను చూసి గురువమ్మాళ్ అనుమానంగా అడిగింది.

"ఏమన్నా అది?"

"ఏమీ లేదమ్మా" అన్నాడు సుబ్బురాజ్ నేల చూస్తూ. "సుమ్మా తెచ్చినా."

ఇవన్నీ చెల్లసామికి తర్వాత తెలిసిన సంగతులు. ఆ సమయానికి ఆయన గద్దబండ బంగళా ముందు, లోయ అంచున, గుడ్డకుర్చీలో బిగుసుకొని కూర్చొని ఉన్నాడు. పక్క కుర్చీలో దొర. లోయ మాత్రం లోయలాగే ఉంది. అవతల రాయి, ఇవతల రాయి, మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని దొర రెప్పవేయకుండా చూస్తున్నాడు. చెల్లసామికి కిందికి చూస్తే పేగులు గొంతులోకి వచ్చాయి. అందుకని ఆయన కళ్ళు మూసుకొని చూశాడు.

పొద్దు వాలేవేళకు దొర తన పుస్తకాల తమిళంలో మెచ్చుకున్నాడు. "తమరు కన్నులు మూసి ప్రకృతిని చూచుచున్నారు. మీ జనులలో ఇట్టి మౌనిని నేను చూచి యెరుగను. రేపు ఉదయమున తమతో ఒక ముఖ్య విషయము మాటలాడెదను."

చెల్లసామి నోరు మెదపలేదు. లోపల మాత్రం పంచె ఎగ్గట్టి గంతులు వేశాడు. సుబ్బురాజ్ పందిరిగుంజ పట్టుకొని నిలబడినట్టూ, తను కుర్చీలోంచి వెనక్కి తిరిగి కాళ్ళనొప్పుల సంగతి అడిగినట్టూ ఆ రాత్రి కమ్మని కల వచ్చింది.

తెల్లవారింది. కాఫీ అయింది. దొర గొంతు సవరించుకొని, "తాలూకా బోర్డు విషయమున..." అని మొదలుపెట్టాడో లేదో, కింద బండ్లబాటలోంచి ఒక ఏడుపు లేచింది. చావింటి పొలిమేర చేరగానే ఆడవాళ్ళు రాగమెత్తాలన్నది ఆచారం. ఈ చావింటికి పొలిమేర ఎక్కడో ఎవరికీ తెలియదు కనుక, వాళ్ళు ఎందుకైనా మంచిదని కొండ మొదట్లోనే ఎత్తుకున్నారు. లోయ ఊరుకుంటుందా? ప్రతి ఏడుపునూ అందుకొని రెండింతలు చేసి పైకి పంపింది.

"పది ఊర్లకి నీడయినోడా! పెట్టిన చెయ్యి ముడవనోడా! ఒకరిని ఒక మాట అననోడా!"

చెల్లసామి నిజంగానే కరిగిపోయాడు. "పావం, ఎవరో మహానుభావుడు పోయినాడు దొరా" అని కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"నువ్వు లేని కోవిల్‌పట్టి ఏం కోవిల్‌పట్టిరా, చెల్లసామీ!"

చెల్లసామీ, సామీ, అంది లోయ.

దొర మెల్లగా ఇటు తిరిగాడు. "చెల్లసామి యనునది తమ నామధేయము కాదా?"

"ఈ పక్క ఆ పేరు శానామందికి ఉండాది దొరా" అన్నాడు చెల్లసామి.

అంతలో రొప్పుతూ, జుట్టు విరబోసుకొని గురువమ్మాళ్ బంగళా ముందుకు వచ్చిపడింది. లోయ అంచున మొగుణ్ణి చూసింది. "మామా! దూకొద్దు! నా మీద ఆన!" అని కేక వేసింది. ఆ కేకకు చెల్లసామి ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. అదే పొరపాటైంది. లేచాడంటే దూకబోతున్నాడనేగా అర్థం! వెనక వస్తున్న సుబ్బురాజ్ ఒక్క ఉరుకున వచ్చి నడుం వాటేసి వెనక్కి లాగాడు. బావా బావమరుదులిద్దరూ వెల్లకిలా ఇటు పడ్డారు. కుర్చీ అటు పడింది. అది రాయి రాయికీ తగులుతూ అడుగుకు చేరేదాకా, ఏడుపు మాని అందరూ చెవులొగ్గి విన్నారు.

సుబ్బురాజ్ చంకలోని చీర విడిపోయి చెల్లసామి మొహంమీద పరుచుకుంది. ఆయన దాన్ని తీసి చూశాడు. కొత్తచీర. "ఇది ఎందుకు తెచ్చినావు బావా?"

"నీకు కాదులే" అన్నాడు సుబ్బురాజ్ ఆయాసపడుతూ.

దొర లేచి నిలుచున్నాడు. తనంతట తాను చావబోవుట చట్టప్రకారము నేరమనీ, తమరు నిజముగా అందుకే వచ్చితిరా అనీ అడిగాడు. చెల్లసామికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చావటానికే వచ్చానంటే జైలు. కాదంటే ఎందుకు వచ్చాడో చెప్పాలి. బంధువులంతా చుట్టూ నిలబడి ఆయన నోటివంక చూస్తున్నారు.

"దూకేకి రాలేదు దొరా" అన్నాడు చివరకు, తల వంచుకొని. "బోర్డు కుర్చీ కోసం వచ్చినా. లోయ నాకు వద్దు. చూస్తేనే కడుపులో తిప్పుతుంది."

గురువమ్మాళ్ కొంగుముడి విప్పి, చెవిపోగులు ఆయన అరచేతిలో పెట్టింది. "కుర్చీ కోసమా మామా? రైల్లో వచ్చేటప్పుడు కనపడిన సామికంతా మొక్కినా. తాళి పిడికిట్లో పట్టుకోనే కూర్చున్నా. నాతో ఒక మాట చెప్పుంటే నీ కుర్చీ ఏమన్నా విరిగిపోవునా?" అంది. చెల్లసామికి ఎంత సిగ్గేసిందంటే, ఆ క్షణాన లోయే నయమనిపించింది.

దొర చూపు మాత్రం బంధువులు దిగిన బండ్ల వరసమీద ఉంది. "ఇంతమందిని ఇంత శీఘ్రముగా ఇచటికి రప్పించినది ఎవరు?"

అందరూ గురువమ్మాళ్‌ను చూపించారు. ఆమె భయపడకుండా ఉన్నమాట చెప్పింది. బండ్లు ఎలా తోలించిందో చెప్పింది. విరుదునగర్‌లో రైలు నిండిపోయిందని గార్డు అడ్డుపడితే, "నా మొగుడు పోతే నువ్వొచ్చి కాపాడతావా?" అని నిలదీసి ఇంకో పెట్టె తగిలించుకున్న ముచ్చట చెప్పింది. ఏడ్చేవాళ్ళు నీరసపడతారని దోవలో అందరికీ సజ్జగంజి పోయించిందట కూడా. దొర నిట్టూర్చాడు. "మా బోర్డు సభ్యులందరు కూడి ఒక కల్వర్టు కట్టలేకపోయిరి" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

చావుకని బయలుదేరిన చీర మళ్ళీ ఇంటి గడప తొక్కకూడదు. దాన్ని బంగళా కాపలాదారుకే ఇచ్చేసి వచ్చారు. అతను దాన్ని కిటికీకి తెరగా కట్టాడు. నెల తిరక్కుండా సర్కారు ఉత్తరువు వచ్చింది. తాలూకా బోర్డుకు గురువమ్మాళ్ నియమితురాలైంది.

మొదటి సమావేశం రోజున కచేరీ లోపల ఆమెకు చేతుల కుర్చీ వేశారు. ఏళాయిరంపన్నై బాటకు కంకర కావాలని మనవి చేసుకోవడానికి వచ్చిన సుబ్బురాజ్, తన వంతు వచ్చేదాకా గోడవార నిలబడ్డాడు. చెల్లసామి బయట వరండా మెట్టుమీద, భార్య సద్దిమూట ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. దోవన పోతున్న పాలసామి ఆగి, "ఏమి నాయుడూ, ఈడ కూర్చోని ఏం చేస్తుండావు?" అని అడిగాడు.

"సుమ్మా" అన్నాడు చెల్లసామి.