ఆషాఢంలో కొండగుడి పెళ్లి

ఆ ఆదివారం హరిప్రియ తలంటుకుని పుట్టింట్లో కంప్యూటర్ ముందు కూర్చునేసరికి పది కావస్తోంది. పెళ్లయిన రెండో నెలకే ఆషాఢం వచ్చిపడింది. అత్తా కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదని, కొత్త దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదని అత్తగారు కామేశ్వరమ్మ ఆమెను అఫ్జల్‌గంజ్ నుంచి సైదాబాద్ పంపించేసింది. మొహాల సంగతి సరే, ఆన్‌లైన్ ఆటలో బొమ్మలు కలుసుకోకూడదని ఏ పెద్దలూ అనలేదు. అందుకని రోజూ భర్త క్రాంతి వాళ్ల వీధి చివర నెట్ సెంటర్‌లో, ఈమె ఇంట్లో కూర్చుని ఆడుకుంటున్నారు. ఆటలో అతను కత్తి పట్టిన వీరుడు, ఈమె మూలికలు ఏరుకునే వైద్యురాలు.

ఇవాళ రేవు నుంచి కొండగుడికి వెళ్లాలి. ఆ ఆటలో ఊరూరా ఒక మాయరాయి ఉంటుంది. ముట్టుకుంటే చిటికెలో ఇంకో ఊళ్లో తేలతారు. నడిస్తే గంట పైనే. క్రాంతికి ఆ రాయి ప్రాణం. హరిప్రియకు దారి ప్రాణం, వంతెనలూ కొంగలూ గట్ల మీద గెంతే కుందేళ్లూ.

"రాయి ముట్టుకో, వెళ్లిపోదాం," అన్నాడు హెడ్‌ఫోన్‌లో.

"నేను నడుస్తా. ఈ నెలంతా మనకున్నది ఈ దారొక్కటే. దాన్నీ ఎగ్గొడతావా?"

"సరే, నువ్వు నడిచే రా. నాకక్కడ పనుంది," అంటూ మాయమయ్యాడు.

ఏం పనో చెప్పలేదు. హరిప్రియ మూతి ముడుచుకుంది. అయినా పసుపు పూలు కనిపించగానే ఆగి కోసుకుంది.

సగం దారిలో ఉండగా గేటు బయట కేక వినిపించింది. "హరీ! బయటికి రామ్మా! నేను లోపలికి రాను, ఆషాఢం!"

కామేశ్వరమ్మ! జుట్టుముడి ఊడిపోయింది, కాళ్లకు ఒక్కో చెప్పూ ఒక్కో రకం.

"కొంప మునిగిందే తల్లీ. పదకొండింటికి మావాడు పెళ్లి చేసుకుంటున్నాడట!"

"ఎవర్ని?"

"ఏమో! నెట్ సెంటర్ సాయిలు పరిగెత్తుకొచ్చి చెప్పాడు. వీడు చెవులకేదో తగిలించుకుని ఫ్రెండ్స్‌ని పిలుస్తున్నాడట. పెళ్లికి దండలు రెడీ, అందరూ వచ్చేయండి, హరికి మాత్రం చెప్పొద్దు అంటున్నాడట! ఫోన్ చేస్తే ఎత్తడు. నా ఒక్కదాని మాట వింటాడా? నువ్వొచ్చి ఆపు!"

నాకక్కడ పనుంది అన్నది ఇదా! హరిప్రియ కంప్యూటర్ ప్లగ్గు పీకేసి వీధిలోకి ఉరికింది.

పక్కింటి సుగుణమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "రెండు నెల్లు గూడ కాలే, గప్పుడే రెండో పెండ్లా! పిల్లది ఏ ఊరంట?" అని ఆరా తీసింది.

"ఆటోకి గడప ఉండదులే," అని కామేశ్వరమ్మ తనే తీర్పు చెప్పి కోడల్ని ఎక్కించుకుంది. చాదర్‌ఘాట్ దగ్గర ఆటో అంగుళం కదల్లేదు. దిగి, అత్తాకోడళ్లు చీర కుచ్చెళ్లు పట్టుకుని నడిచారు. దారి ప్రాణమైన హరిప్రియకు ఆ దారిలో ఒక్కటీ కనిపించలేదు.

నెట్ సెంటర్ లోపల సాయిలు ఎదురొచ్చాడు. "మస్తు టైముకొచ్చిండ్రమ్మా! పెండ్లికొడుకు గీడ్నే కూసున్నడు. పిల్ల జాడ లేదు, మస్తు ఫికర్ జేస్తున్నడు."

తెర మీద గుడి నిండా జనం. బంగారు కవచం మీద దండ వేసుకుని క్రాంతి వీరుడు నిలబడ్డాడు. పక్కన పెళ్లికూతురి చోటు ఖాళీ. పైన తోరణానికి రెండు పేర్లు: క్రాంతి, హరిప్రియ.

"కాసేపు ఆగండ్రా," క్రాంతి మైకులో బతిమాలుతున్నాడు. "నడిచొస్తోంది. మధ్యలో నెట్ పోయినట్టుంది."

అతని వీపు మీద పడబోయిన హరిప్రియ చెయ్యి గాల్లోనే ఆగింది.

"మనదా ఈ పెళ్లి?"

క్రాంతి ఉలిక్కిపడి తిరిగాడు. "గుడికి రావాల్సినదానివి ఇక్కడికొచ్చావేంటి?" అన్నాడు.

"హరికి చెప్పొద్దు అన్నావట!"

"చెప్తే ఇంకేం సర్‌ప్రైజు? ఈ ఆటలో పెళ్లయినవాళ్లకు రాయి పనిచెయ్యదు. ఎక్కడికైనా ఇద్దరూ కలిసి నడవాల్సిందే. నేను రాయి ముట్టుకుని వెళ్లిపోయానని నిన్న కూడా అలిగావుగా, అందుకని..."

హరిప్రియకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఆషాఢంలో లగ్నం పెట్టడానికి బుద్ధి లేదట్రా!" అని కామేశ్వరమ్మ గర్జించింది.

సాయిలు బుర్ర గోక్కున్నాడు. "గది సరే గనీ అమ్మా, మీరూ కోడలూ ఒక్కసారే గడప దాటి లోపలికొస్తిరి. వీళ్లిద్దరు మొహాలు జూసుకునిరి. గిది నడుస్తదా?"

కామేశ్వరమ్మ వెనక్కి తిరిగి ఆ గడపను చూసింది. నెల రోజుల నియమాన్ని తనే ఆటో కట్టించి మరీ చెడగొట్టింది. ఒక్క గెంతులో బయటపడి, "ముందు దాన్ని ఆటో ఎక్కించి పంపెయ్!" అని కళ్లు మూసుకుంది.

"ఆటోలన్నీ ట్రాఫిక్‌లో ఉన్నాయమ్మా. నేనే నడిపించుకుని దింపొస్తాలే," అన్నాడు క్రాంతి. వీధి చివరికి కూడా బండి తీసే మనిషి.

పొద్దుగూకాక హరిప్రియ రెండు చేతుల నిండా కొత్త గాజులతో ఇల్లు చేరింది. సైదాబాద్ దారిలో ఎక్కడో చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ ఎలా తగిలిందో మాత్రం ఇద్దరూ చెప్పలేదు.