దానిమ్మకు మెరుగు

పెళ్లై మూడు నెలలైనా వీధిలో అందరూ అతన్ని ఇంకా కొత్త పెళ్లికొడుకనే పిలుస్తున్నారు. అతనికి అది ఇష్టమే. ఇష్టం లేనిదల్లా ఒక్కటే: కారులో ఎప్పుడూ పక్క సీట్లో కూర్చోవడం.

కారు భార్యది. కాలేజీ రోజుల్లో వాళ్ల నాన్నగారి దగ్గర దాని మీదే డ్రైవింగు నేర్చుకుని, చివరికి కారునే సొంతం చేసుకుంది. ఎర్రగా నిగనిగలాడేదని చిన్నప్పుడే ముద్దుగా దానిమ్మ అని పేరు పెట్టుకుంది. ఇరవై ఏళ్ల ఎండకు ఆ ఎరుపు కాస్తా వెలిసి, సుద్ద రాసినట్టు పాలిపోయింది. పేరు మాత్రం వెలవలేదు. అతను ఎప్పుడైనా వీధిలో నిలబడి "దానిమ్మ ఏదీ?" అని గట్టిగా అడిగితే, ఎవరి అమ్మను తిడుతున్నాడోనని జనం తిరిగి చూసేవారు.

"లైసెన్సు ఉంది కదా నాకు. ఒక్కసారి స్టీరింగ్ ఇవ్వొచ్చుగా?" అన్నాడు శనివారం పొద్దున.

"మొన్న సైకిలు గేటు పక్కన పెట్టమంటే గేట్లో పెట్టారు."

"అది గేటు తప్పు."

ఆమె నవ్వింది. "సరే, పందెం. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బానెట్‌లో నా మొహం కనిపించాలి. కనిపిస్తే స్టీరింగ్ మీ చేతిలో పెడతా."

"మొహమేంటి, నీ కనుబొమ్మలు లెక్కపెట్టుకోవచ్చు!"

"అవి రెండే కదండీ."

ఆమె అటు వెళ్లగానే ఇతను తెల్ల ప్యాంటు మడిచి రంగంలోకి దిగాడు. కారు కడిగాడు. మెత్తటి గుడ్డకు పాలిష్ అద్ది, బానెట్ మీద గుండ్రంగా రుద్దాడు. పది నిమిషాల తర్వాత గుడ్డ తిప్పి చూశాడు. గుడ్డ నిండా ఎరుపు!

"దానిమ్మా!" అని కేక పెట్టాడు.

మేడమీది సలహాల బాబాయిగారు కిటికీలోంచి తల బయటపెట్టారు. అడక్కపోతే ఒక సలహా, అడిగితే రెండు ఇస్తారని ఆయనకా పేరు.

"పొద్దున్నే ఆ తిట్లేంటోయ్?"

"తిట్టు కాదు బాబాయిగారూ, కారు! రంగు ఊడొచ్చేస్తోంది!"

"ఇంకాస్త రుద్దితే రేకు తేలుతుంది. ఆపెయ్! మైనం దట్టంగా పట్టించు. ఉన్న రంగైనా లోపలే పడుంటుంది."

జలుబు చేసినవాడికి దుప్పటి కప్పినంత ప్రేమగా, పాలిష్‌తో పాటు తెచ్చిన డబ్బాడు మైనమూ కారుకు కప్పాడు. అద్దాలనూ వదల్లేదు. నడినెత్తిన ఎండ. కాసేపటికి మైనం పెచ్చు కట్టింది. తుడవబోతే గుడ్డ అతుక్కుంది గానీ మైనం కదల్లేదు. ఎర్ర కారు సున్నం కొట్టిన గోడైపోయింది.

గేటు చప్పుడైంది. ఎర్రబడిన గుడ్డల్ని గబగబా ప్యాంటు జేబుల్లో కుక్కాడు.

ఆమె కారును చూడనేలేదు. ప్యాంటునే చూసింది. "అయ్యో, రక్తం! ఏమైందండీ?"

"నాది కాదు... దానిమ్మది."

ఒక్కొక్క గుడ్డా బయటికి తీస్తూ, నేరం ఒప్పుకున్నాడు. ఆమె మెట్ల మీద కూలబడి, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది.

"ఇది పాతకాలపు పెయింటండీ. పైన గాజులాంటి పూత ఉండదు. ఎండకు చచ్చిన రంగే గుడ్డకొస్తుంది, కిందది బతికే ఉంటుంది. గుడ్డ ఎర్రబడిందంటే పని కుదురుతోందన్నమాట!"

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"మీకు బాబాయిగారుండగా నేనెందుకు?"

ముందద్దం మీద మైనం కాస్త గీకి, కారును తనే నీడకు తీసింది. తడిగుడ్డతో మైనాన్ని జానెడు జానెడుగా నానబెట్టి, ఇద్దరూ కలిసి తుడిచారు. పొద్దున అతను రుద్దిన చోట మైనం తొలగగానే ఎరుపు తళుక్కుమంది. అందులో ఆమె మొహం!

"అదిగో! గెలిచా! స్టీరింగ్!" అని ఎగిరి గంతేశాడు.

ఆమె బానెట్‌లోనే జుట్టు సవరించుకుంది. "మాటంటే మాటే. ఎక్కండి."

అతను సింహాసనం ఎక్కినట్టు ఎక్కాడు. ఆమె తాళం ఒక్క మెట్టు మాత్రం, స్టీరింగ్ కదిలేంత వరకే తిప్పి, గుడ్డతో ముందు చక్రం దగ్గర చతికిలబడింది.

"పూర్తిగా ఇటు తిప్పండి... ఆఁ, చాలు. చక్రం వెనకంతా మైనం చిందించారు." తుడిచింది. "ఇప్పుడు అటు."

"మరి ఇంజనో?"

"స్టీరింగ్ ఇస్తానన్నాను. ఇంజను ఊసెత్తానా?"

చేతులు పడిపోయేలా అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి బెరుగ్గా అడిగాడు. "హారనైనా కొట్టొచ్చా?"

"ఒక్కసారి."

రెండుసార్లు కొట్టాడు.