ఎర్ర పావులు ఎవరివి

ఆ మంగళవారం పొద్దున పియో ఇన్‌హో పెట్టుకున్న పని ఒక్కటే. వేడి చారులో ఇంత అన్నం కలుపుకుని తిని, పదింటికల్లా అపార్ట్‌మెంట్ల మధ్యనున్న వృద్ధుల విశ్రాంతి గదికి వెళ్లి, నిన్న చదరంగం లాంటి జాంగీ ఆటలో తన రాజును కట్టేసిన తక్ జోంగ్‌షిక్ మీద పగ తీర్చుకోవాలి. అంతకు మించి ఆ రోజు మీద అతనికి ఆశలేమీ లేవు.

భార్య ఆ వసంతంలోనే పోయింది. అప్పట్నుంచీ ఇన్‌హోను ‘ఒరేయ్’ అని పిలిచేవాడు లోకంలో ఒక్కడే మిగిలాడు. కూతురు నాన్నగారూ అంటుంది. మందుల షాపు అమ్మాయి తాతగారూ అంటుంది. అందరూ మీరు, మీరు అంటూ అతన్ని దూరంగా ఎత్తుపీట మీద కూర్చోబెట్టేశారు. జోంగ్‌షిక్ మాత్రం రోజూ తలుపు బాది, “ఒరేయ్, బతికే ఉన్నావా?” అని అడిగేవాడు. కర్మ ముగిసిన మర్నాడు కూడా అలాగే అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇన్‌హో రోజూ లేస్తున్నాడంటే అబద్ధం కాదు.

ఆ పిలుపుకు ఒక ఆధారం ఉంది. ఇద్దరూ ఒకే ఏడాది, జంతువుల పేర్లతో తిరిగే పన్నెండేళ్ల లెక్కలో ఎద్దు సంవత్సరంలో పుట్టినవాళ్లు. వాళ్ల ఊరు జెచోన్‌లో ఒక ఏడాది తేడా ఉన్నా చాలు, చిన్నవాడు పెద్దవాణ్ణి అన్నగారూ అనాల్సిందే, మీరు అనాల్సిందే. జాంగీ బల్ల దగ్గర కూడా ఎర్ర పావులు పెద్దవాడివి, పచ్చ పావులు చిన్నవాడివి. వీళ్లిద్దరిలో పెద్దా చిన్నా లేరు గనక, ఎర్ర పావులు ఒక రోజు ఒకరికి, మరో రోజు ఇంకొకరికి. పదకొండేళ్లుగా ఈ వంతు తప్పలేదు. ఆ మంగళవారం వంతు జోంగ్‌షిక్‌ది.

ఇన్‌హో వెళ్లేసరికి కార్యదర్శి మేంగ్ గ్వాంగోక్ గోడకు ఒక కాగితం అంటిస్తోంది. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్లు బడిలో గుమాస్తాగా చేసింది. ఫారం అనేది వస్తే, దాన్ని రెండు చేతులతో అందుకునే మనిషి.

“వార్డు ఆఫీసునుంచి వచ్చింది. ఈ ఏడాది మనవాళ్లు ఇష్టంగా ఆడిన బల్ల ఆటలేవో రాసి పంపితే కొత్త బల్లలు ఇస్తారట. శుక్రవారంలోగా పంపాలి. తప్పులుంటే ఇప్పుడే చెప్పండి.”

మొదటి స్థానం జాంగీది. రెండోది నాలుగు పుల్లలు విసిరి ఆడే యూత్ ఆటది. మూడోది, పెంగ్విన్ పడిపోకుండా దాని కింది మంచుగడ్డలు సుత్తితో కొట్టే పిల్లల ఆటది. ఎవరి మనవరాలో మర్చిపోయి వెళ్లిన ఆ ఆటలో, గదికి అధ్యక్షురాలైన ఎనభై నాలుగేళ్ల గుక్ అవ్వను ఓడించినవాళ్లు ఇంతవరకూ లేరు. ప్రతి ఆట పక్కనా దాన్ని ఎక్కువగా ఆడేవాళ్ల పేర్లూ వయసులూ ఉన్నాయి. జాంగీ పక్కన: పియో ఇన్‌హో, 74. తక్ జోంగ్‌షిక్, 73.

ఇందులో మేంగ్ తప్పేమీ లేదు. అంతకుముందు కొత్త సంవత్సరం రాగానే దేశంలో అందరికీ ఒకేసారి ఒక ఏడు పెరిగేది. ఆ ఏడాదే ప్రభుత్వం ఆ లెక్క ఎత్తేసి, ఎవరి పుట్టినరోజుకు వాళ్ల వయసు పెరుగుతుందంది. ఇన్‌హో మార్చిలో పుట్టాడు. జోంగ్‌షిక్ డిసెంబర్ ఇరవై ఎనిమిదిన పుట్టాడు. పదహారు రోజులు నోరు మూసుకుంటే ఇద్దరూ మళ్లీ సమానమయ్యేవారు. కానీ ఇన్‌హోకు చాన్నాళ్ల తర్వాత ఒక హాస్యం తట్టింది.

“డెబ్బై మూడా? అయితే ఇవాళ ఎర్ర పావులు నావి. నువ్వు పచ్చవి తీసుకో, తమ్ముడూ.”

జోంగ్‌షిక్ నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, కాగితం మరోసారి చదివాడు.

“మేంగ్‌గారూ, ఇది తప్పండీ. నన్ను రెండేళ్లు ఆలస్యంగా రిజిస్టర్‌లో ఎక్కించారు. పిల్లాడు బతుకుతాడో లేదోనని మా నాన్న ఆగాడు. నాకు అసలు డెబ్బై ఐదు.”

మేంగ్ రబ్బరుతో చెరిపి 75 వేసింది. ఆ తరంవాళ్లను ఆలస్యంగా రాయించడం మామూలే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఇన్‌హో అక్కడ ఆగవలసింది. “మా నాన్న మూడేళ్లు ఆగాడండీ” అన్నాడు.

మేంగ్ 77 వేసింది. ఇక్కణ్నుంచి వ్యవహారం గది మొత్తానికి పాకింది. ఆ గదిలో నేల వెచ్చగా ఉండే మూల పెద్దవాళ్లది. డెబ్బై ఏడేళ్ల మనిషి తలుపు దగ్గర చలిలో కూర్చుంటే అందరికీ తప్పని, ఎవరో ఇన్‌హో దిండు తీసుకెళ్లి వెచ్చటి మూలలో వేశారు. దానికోసం డెబ్బై ఆరేళ్లాయన జరిగాడు. ఆయన కోసం డెబ్బై ఐదు జరిగింది. మధ్యాహ్నం నూడుల్స్ చారు కూడా వయసు వరస ప్రకారమే వడ్డించాలి గనక, కొత్త వరస తేలేదాకా గరిట గిన్నెలోనే ఉండిపోయింది. పదకొండుమంది పెద్దలు ఎవరి దిండు వాళ్లు పట్టుకుని గంభీరంగా నిలబడ్డారు.

“రెండు కాదండీ, తొందరలో చెప్పాను” అన్నాడు జోంగ్‌షిక్. “ఐదేళ్లు. నాకు డెబ్బై ఎనిమిది.”

అప్పటిదాకా పెంగ్విన్ మీదనుంచి చూపు తిప్పని గుక్ అవ్వ తలెత్తింది. ఆవిడదీ జోంగ్‌షిక్‌దీ ఒకే పల్లె.

“మీ అమ్మ పెళ్లికూతురుగా పల్లకీ దిగినప్పుడు నాకు ఏడేళ్లురా. వాకిట్లో నిలబడి చూశాను. నీ లెక్క ప్రకారం అప్పటికే నువ్వు బోర్లా పడుతున్నావన్నమాట.”

చచ్చిపోయిన తల్లి పరువు మీదికి మాట వచ్చిందని అందరికీ అర్థమై, అందరూ నేల చూపులు చూశారు. అంతమంది మధ్య ఇన్‌హో ఒక్కడే నవ్వాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు. తొమ్మిది నెలలుగా లోపల ఉండిపోయిన నవ్వు, దానికి వేళ తెలియక అప్పుడు బయటపడింది.

జోంగ్‌షిక్ లేచాడు. కోటు తొడుక్కున్నాడు. జాంగీ బల్ల అతని సొంతం, దాన్ని గుడ్డలో మూటకట్టుకున్నాడు. తలుపు దగ్గర తిరిగి, “వస్తానండీ, పియోగారూ” అని వెళ్లిపోయాడు.

ఆ ‘గారూ’ ఇన్‌హో గుండెలో దిగబడిపోయింది.

బుధవారం ఎవరూ తలుపు బాదలేదు. గురువారమూ అంతే. మేంగ్ ఫారం మీద వయసుల గడిలో ‘విచారణలో ఉంది’ అని రాసుకుని, నిజం తేల్చడానికి వాళ్లవాళ్ల చుట్టాలకు ఫోన్లు చేసింది. దాని ఫలితంగా గురువారం సాయంత్రం ఇన్‌హో ఫోన్ మోగింది. వోంజూలో ఉండే అక్క, ఇన్‌సన్.

“అన్నయ్యగారూ, భోజనం అయిందా?”

“అక్కా?”

“అక్క ఎవరండీ? నాకంటే ఆరు నెలలు ముందు పుట్టారటగా. ఇప్పుడే మీ ఆఫీసావిడ ఫోన్ చేసి చెప్పింది. ఇన్నాళ్లూ మిమ్మల్ని వీపున మోసినందుకు క్షమించండి.”

ఇన్‌హో జరిగిందంతా చెప్పాడు. వెక్కిరింత అయిపోయాక ఆవిడ గొంతు మారిపోయింది.

“ఒరే నాయనా, ఈ మాట చెప్పనని నాన్నకు ఒట్టేశాను. ఇన్‌హో అనేవాడు నీకంటే ముందు ఒకడున్నాడు. ఎద్దు సంవత్సరంలో పుట్టింది వాడు. నా వేలు పట్టుకుని నడిచేవాడు. తట్టు పోసి పోయాడు. ఆఫీసుకెళ్లి ఆ పేరు కొట్టేయించడానికి నాన్నకు మనసు రాలేదు. తర్వాత నువ్వు పుట్టావు. పేరు ఎలాగూ ఉందిగదా అని, అది నీకిచ్చాడు.”

“మరి నేనెప్పుడు పుట్టాను?”

“వాడికి రెండేళ్ల తర్వాత, కుందేలు సంవత్సరం శ్రావణంలో. నీకు డెబ్బై రెండు.”

ఫోన్ పెట్టేశాక ఇన్‌హో దీపం వేసుకోవడం మర్చిపోయాడు. బడిలో తను అందరికంటే పొట్టిగా ఎందుకుండేవాడో ఇప్పుడు తెలిసింది. ఏటా మార్చిలో భార్య కాచిన పుట్టినరోజు సముద్రపు నాచు చారు ఇన్నేళ్లూ ఒక పసివాడి వంతు అని తెలిసింది. ఆ పసివాడి మీద అతనికి జాలి వేసింది, వాడు తనకు అన్న అవుతాడని తట్టి ఇంకా జాలి వేసింది.

ఈ సంగతి అక్కకూ తనకూ తప్ప ఎవరికీ తెలియదు. రిజిస్టర్ అతని వైపే ఉంది. పెదవి కదపకుండా డిసెంబర్ ఇరవై ఎనిమిది దాకా ఆగితే సమానులైపోవచ్చు. చెప్పాడా, ఇక బతికినంతకాలం అన్నగారూ, మీరు, చిత్తం. ‘ఒరేయ్’ అనే హక్కు పోతుంది. అతనికి మిగిలింది ఆ ఒక్క మాటే. శుక్రవారమంతా ఈ రెంటి మధ్య నలిగాడు. కానీ అవతలివాడి తల్లి మీద నవ్వి, తన తల్లి కడుపున పుట్టిన సంవత్సరం దాచుకోవడం అతనికి చేతకాలేదు.

శనివారం పొద్దున ఇన్‌హో ఎండు పెర్సిమన్ పళ్ల సంచీతో జోంగ్‌షిక్ గుమ్మం ముందు నిలబడ్డాడు. తలుపు తెరుచుకోగానే వరండాలో గచ్చు మీదే మోకాళ్లు వంచి, నుదురు నేలకు తగిలేలా దండం పెట్టాడు. లిఫ్టులోంచి దిగిన పక్కింటావిడ, పెద్దలకు దండాలు పెట్టే కొత్త సంవత్సరం ముందే వచ్చిందేమో అన్నట్టు చూసి, మర్యాదకు తనూ తల వంచి వెళ్లింది.

“అన్నయ్యగారూ, నేను కుందేలు సంవత్సరం వాణ్ణి. మొన్ననే తెలిసింది” అని, అక్క చెప్పినదంతా నేల మీద కూర్చునే చెప్పాడు.

జోంగ్‌షిక్ అంతా విన్నాడు. “రెండేళ్లు చిన్నవాడివా?”

“అవునండీ.”

“పదకొండేళ్లు నన్ను ఒరేయ్ అన్నావు.”

“అన్నానండీ.”

“మా అమ్మ మాట వస్తే నవ్వావు.”

“నవ్వానండీ. తప్పైపోయింది.”

“లోపలికి రా. చలిగా ఉంది.”

మూట విప్పి బల్ల పరిచారు. ఎర్ర పావులు జోంగ్‌షిక్ ముందు, పచ్చవి ఇన్‌హో ముందు, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే సర్దుకున్నాయి. ఇన్‌హో బంటును జరిపి, “జరిపానండీ” అన్నాడు. గుర్రాన్ని జరిపి, “తమరు కానివ్వండి” అన్నాడు. మూడో ఎత్తులో జోంగ్‌షిక్ రథం ఊరికే దొరికింది. “అన్నయ్యగారూ, తమరి రథం తీసుకోవచ్చా?” అని ఇన్‌హో అడిగాడు.

జోంగ్‌షిక్ చేతిలోని పావు కింద పెట్టేశాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి. ఈ నాలుగు రోజులూ అతనికీ ఎవరూ తలుపు తెరవలేదు, “బతికే ఉన్నాన్లే, రా” అని ఎవరూ అనలేదు.

“నేను పెద్దవాణ్ణేనా?”

“పెద్దవారేనండీ.”

“పెద్దవాడు చెప్తే వింటావా?”

“వింటానండీ.”

“అయితే విను. ఇవాళ్టినుంచి నన్ను ఒరేయ్ అనే పిలవాలి. మీరూ గీరూ అన్నావంటే ఊరుకోను. ఇది నా ఆజ్ఞ.”

పెద్దల మాట కాదనడం జెచోన్‌లో మహాపరాధం కనుక, ఇన్‌హో తల వంచి వినయంగా, “సరేరా” అన్నాడు.