తాకట్టులో గొడుగు

ఉద్యోగస్తుణ్ణి ఇంటికి ఎంత దూరంలో పడేస్తే అంత మంచిది. దగ్గర్లో పోస్టింగ్ దొరికినవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, రోజూ ఇంటికి వెళ్లాలి!

ఈ మాట ఊరికే అనడం లేదు. బస్సు దిగి, జీపెక్కి, జీపు డ్రైవరు "ఇక దీనివల్ల కాదు సార్" అని చేతులెత్తేసిన చోటునుంచి కొండ ఎక్కితే వచ్చే బడిలో పనిచేస్తున్న అనుభవంతో అంటున్నాను. ఆ బడికి హెడ్మాస్టర్ని నేనే. అసిస్టెంటుని నేనే. గంట కొట్టే ప్యూన్నీ నేనే. ప్యూను ఆలస్యంగా వస్తే హెడ్మాస్టరు చూసీచూడనట్టు ఊరుకుంటాడు. ఇంత సామరస్యం ఏ ఆఫీసులో ఉంది చెప్పండి?

అక్కడ ఫోనుకి సిగ్నల్ లేదు. అంటే గుడ్ మార్నింగ్ మెసేజీలు లేవు. లోన్ కావాలా సార్ అని బతిమాలే గొంతు లేదు. పై ఆఫీసు నుంచి వచ్చే అర్జెంటు సంగతులన్నీ నా దాకా వచ్చేసరికి చల్లారిపోయి ఉంటాయి. ఇది భాగ్యం కాదా?

అన్నిటికన్నా పెద్ద సుఖం ఇంకోటుంది. నేను గదిలోకి రాగానే అందరూ లేచి నిలబడతారు. "అర్థమైందా?" అంటే, కాకపోయినా సరే, "అయింది సార్!" అని ఒక్క గొంతుతో అరుస్తారు. ఇలాంటి మహారాజుని పట్టుకుని వేసవి సెలవులని చెప్పి ఇంటికి తరమడం ఎంత అన్యాయం!

ఇంట్లో అడుగుపెట్టాను. ఎవరూ లేవలేదు. మా అమ్మాయి, నాలుగో తరగతి, సోఫా మీంచి కాళ్లయినా తియ్యలేదు. "నాన్నా, కాస్త జరుగు. టీవీకి అడ్డం" అంది.

అల్మరాలో నా అరలో దుప్పట్లున్నాయి. "మీరెలాగూ ఉండరు కదా అని పెట్టాను" అంది మా ఆవిడ. నిజమే కదా. బట్టలు బ్యాగులోనే ఉంచుకున్నాను. తిరిగి వెళ్లేటప్పుడు సర్దుకునే శ్రమ తప్పింది. ఎటు చూసినా లాభమే!

ఒకే గదిలో అయిదు తరగతులు నడిపేవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. కొందరికి లెక్కలిచ్చి, కొందరిచేత చూచిరాత రాయించి, మిగతావాళ్లచేత పాఠం చదివించకపోతే వాడికి తోచదు. ఓ పొద్దున మా అత్తగారికి కూరగాయలు, మా ఆవిడకి కరెంటు బిల్లు, మా అమ్మాయికి ఎక్కాలు అప్పగించి, "మాట్లాడకుండా చెయ్యండి. అర్థమైందా?" అన్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. క్లాసు నా చేతిలోకి వచ్చేసిందని మురిసిపోయాను. అది వేరే రకం నిశ్శబ్దమని ఆలస్యంగా తెలిసింది. ఆ పూట కూరగాయలు నేనే తరిగాను.

పాలు పోసే ఆయన్ని పరధ్యానంలో గోళ్లు చూపించమన్నాను. ఆయన పాపం చూపించాడు కూడా. ఆ సంగతి మా వీధిలో ఇంకా చెప్పుకుంటున్నారు.

ఇక గొడుగు సంగతికి వస్తాను. ఎండకి కమిలిపోయి దిగిన నన్ను చూసి, గొడుగేదని మా ఆవిడ మొదటి రోజే అడిగింది. బడిలో తాకట్టు పెట్టానని చెప్పాను.

జరిగిందేమిటంటే, బడి ఆఖరి రోజున నేను బ్యాగు భుజాన వేసుకోగానే పిల్లలంతా గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. ముందు మా క్లాసు లీడరమ్మ నిలబడింది. మా అమ్మాయి ఈడుదే.

"గొడుగు ఇక్కడ పెట్టి వెళ్లండి సార్."

"ఎందుకే? బయట ఎండ మాడ్చేస్తుంటే!"

"పాత సారు కూడా సెలవులకే వెళ్లారు సార్. అంతకు ముందు టీచరమ్మ కూడా."

ఆ ఇద్దరూ సెలవుల్లోనే బదిలీ చేయించుకున్నారు. మళ్లీ ఆ కొండ ఎక్కలేదు. నేను వచ్చేదాకా బడికి తాళమే. ఇంకేం వాదిస్తాను? గొడుగు లీడరమ్మ చేతిలో పెట్టి ఎండలో పడ్డాను.

ఇదంతా విని మా అత్తగారు పడీపడీ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. "అయితే ఈసారీ బదిలీకి అర్జీ పెట్టరన్నమాట" అంది.

"చూద్దాం" అన్నాను.

సెలవుల పొడుగునా ఆవిడ అడుగుతూనే ఉంది, నేను చూద్దామంటూనే ఉన్నాను. అర్జీ గడువు కాస్తా దాటిపోయింది. సర్వర్ మొరాయించిందని చెప్పాను. ఆవిడ నా మొహంకేసి చూసింది. మొరాయించింది ఎవరో ఆవిడకి తెలిసిపోయింది. మా అమ్మాయి మాత్రం ఏమీ అనలేదు. టీవీలో మునిగి ఉందనుకున్నాను.

బయల్దేరే రోజు నా కళ్లద్దాలు మాయమయ్యాయి. కళ్లద్దాలు లేకుండా కళ్లద్దాలు వెతకడం మీరెప్పుడైనా చేశారా? మంచం కింద తడిమి, దుప్పట్లు దులిపి లేచేసరికి మా అమ్మాయి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. చేతులు వెనక దాచుకుంది.

"వాళ్లకి గొడుగిచ్చావు. మరి మాకో?"

"అవి లేకపోతే దూరంగా ఉన్నవేవీ నాకు కనబడవే తల్లీ!"

"అయితే తొందరగా వచ్చి తీసుకో."

ఇంట్లో నన్నెవరూ పట్టించుకోరని ఇన్నాళ్లూ ఎంత హాయిగా నమ్మాను! ఆ నమ్మకాన్నీ కళ్లద్దాలతోపాటు అక్కడే వదిలేసి బ్యాగు భుజాన వేసుకున్నాను.

బస్సు మీద బోర్డు కనబడక వేరే బస్సెక్కాను. కండక్టరు చీవాట్లు పెట్టి దింపాడు. ఎలాగో బడికి చేరాను. లీడరమ్మ గొడుగు తెచ్చి నా చేతికిచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. మొదటి వరసే తెలుస్తోంది, వెనక ఎవరున్నారో తెలియలేదు. అందరూ వచ్చినట్టేననుకుని కూర్చోమన్నాను.

కాబట్టి పాఠకులారా, దూరపు పోస్టింగ్ మహాభాగ్యం. కానీ ఇంత భాగ్యం నేనొక్కణ్ణే అనుభవించడం స్వార్థం అవుతుంది. మీలో టీచర్లు ఉండే ఉంటారు. ఈ గొడుగు పుచ్చుకుని ఈ బడికి ఎవరైనా వస్తానంటే, నేను ఇంటికి వెళ్లి నా కళ్లద్దాలు తెచ్చుకుంటాను. వచ్చేవాళ్లు చేతులెత్తండి.

ఎత్తారా?

నాకేమీ కనబడటం లేదు.